కారు ముందుభాగము నెత్తు విధము



నేటి ప్రసంగమునకు విషయము చిన్నది. కాని యందు జరుగు పొరపాటు చిన్నది కాదు. ఇంటి ముంగిట నిలిపిన కారు ముందుభాగమును జాకీతో నెత్తి, దాని క్రింద దూరి పనిచేసికొనునపుడు ప్రాణహాని కలుగకుండ మెలగుట యెట్లు అనునదియే ఆ విషయము. "కారు మరమ్మతునకును మావంటి వృద్ధులకును సంబంధమేమి?" అని మీలో కొందఱు తలపవచ్చును. సంబంధము కలదు. అది యేమో ప్రసంగము ముగియులోపల మీకే తెలియగలదు.

దుగ్గిరాల పసుపు మార్కెట్టునకు ఒకప్పుడు చుట్టుపట్ల గ్రామములనుండి పసుపు ఎద్దుబండ్లమీద వచ్చెడిది. నేడు లారీలును ట్రాక్టర్లును వచ్చుచున్నవి. చిలువూరు, ఈమని, తుమ్మపూడి మొదలగు గ్రామములలో ఎడ్లకొట్టము లుండిన తావులను బెక్కింట నేడు కార్లు నిలుచుచున్నవి. 1983వ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన మన దేశమున మొదటి మారుతి 800 కారు కొనుగోలుదారుని చేతికి వచ్చినది మొదలు, చిన్నకారు క్రమముగా మధ్యతరగతివారి యిండ్లకు నడచి వచ్చెను. కారు ఇంటికి వచ్చిన పిమ్మట దాని పనులును ఇంటికి వచ్చినవి. చక్రము మార్చుట, బ్రేకు చూచుకొనుట, ఇంజను నూనె మార్చుట వంటి పనులను కొందఱు యువకులు తామే చేసికొనుచున్నారు. తనపని తాను చేసికొనుట మెచ్చదగిన గుణమే. అయితే ఆ పనికి ముందు కారు నెత్తవలెను గదా. చిక్కంతయు నక్కడనే యున్నది.

నేను స్వయముగా చూచిన సంగతి నొకదానిని మనవి చేసెదను. కొన్నేండ్ల క్రిందట శ్రావణమాసమున మా బంధువుల యింట నుంటిని. ఆ యింటి మనుమడు పట్టణమున ఉద్యోగము చేయుచు సెలవునకు వచ్చియుండెను. తెల్లవారగనే కారును పెరటిలో నిలిపి, కారుతోపాటు వచ్చిన చిన్న జాకీని పెట్టి ముందుభాగము నెత్తి, నూనె మార్చుటకై క్రిందికి దూరబోయెను. అరుగుమీద కూర్చుండియున్న తాత, "బాబూ, చక్రాలకు రాళ్లు పెట్టితివా?" అని యడిగెను. మనుమడు నవ్వి, "తాతయ్యా, అది ఎద్దుబండి కాదు; గేరులో ఉన్నది, ఎక్కడికీ పోదు" అనెను. అట్లని క్రింద పండుకొనిన వాడు స్పానరు మఱచితినని లేచి యింటిలోనికి పోయెను. అతడు గడప దాటెనో లేదో, కారు మెల్లగా వెనుకకు జరిగి, జాకీ ప్రక్కకు ఒఱగి, ముందుభాగ మంతయు దబ్బున క్రింద పడెను. నూనె పట్టుటకై యుంచిన రేకు పళ్లెము అప్పడమువలె నణగిపోయెను. స్పానరు మఱచిపోవుట ఆ కుఱ్ఱవాని ప్రాణమును కాపాడెను. మఱుపు ప్రతిదినము మనలను కాపాడదు.

ఆ దినమున తాత యడిగిన ప్రశ్నయే సరియైన ప్రశ్న. ఆయనకు కారు నడుపుట తెలియదు. కాని బరువును ఎత్తినపు డేమి జరుగునో తెలియును. బండి ఇరుసునకు కందెన పెట్టుట మీరందఱును ఎఱిగినదే. ముందుగా ఎడ్లను విప్పుదురు. రెండవ చక్రమునకు రాళ్లడ్డు పెట్టుదురు. బండి నెత్తి ఇరుసుక్రింద ఊతకొయ్యను నిలిపి, అది నిలిచినదా లేదా యని బండిని ఒకమాఱు కదపిచూచి, ఆ పిమ్మటనే చక్రము నూడదీయుదురు. ఎంత బలవంతుడైనను బండిని భుజముమీద పెట్టుకొని చక్రమును తీయడు. ఎత్తునది వేఱు, నిలుపునది వేఱు. ఈ యొక్క మాటను పట్టుకొన్నచో నేటి ప్రసంగమున సగము తెలిసినట్లే.

ఇప్పుడు ఆ కుఱ్ఱవాడు చెప్పిన మాటను విచారింతము. కారు గేరులో నున్నపుడు ఏల జరిగెను? ఎద్దుబండి మలుపు తిరుగునపుడు లోపలి చక్రము కొంచెమును, వెలుపలి చక్రము ఎక్కువయు తిరుగును. బండి చక్రములు దేనికది విడిగా తిరుగునవి గనుక అందు చిక్కు లేదు. కారునందు ఇంజను శక్తి రెండు చక్రములకును పోవలసియుండగా, మలుపులలో అవి వేఱువేఱు వేగములతో తిరుగుటకై డిఫరెన్షియలను పండ్లచక్రముల పెట్టె నొకదానిని అమర్చియున్నారు. నేటి చిన్నకార్లలో అనేకము ముందుచక్రములతో నడచునవి. అట్టి కారును గేరులో నుంచినపుడు ఇంజను పట్టుకొనునది ముందుచక్రములనే. ఆ ముందుచక్రములను రెంటిని గాలిలోనికి లేపినచో, గేరు గాలిలోని చక్రములను పట్టుకొనియుండును. నేలమీది వెనుకచక్రములను పట్టువారు లేరు. ముందుచక్రము ఒక్కటియే లేచినను అంతియే. లేచిన చక్రము గాలిలో ఒకవైపు తిరుగుచుండ, నేలమీది చక్రము రెండవవైపు దొర్లుటకు డిఫరెన్షియలు త్రోవ యిచ్చును. గేరుమార్పు తనంతట తానే జరుగు కార్లలో 'పి' అను గుర్తుకడ నిలుపు పట్టును ఇట్టిదే. కావున ముందుభాగము నెత్తునపుడు గేరును నమ్ముట నీటిమీది వ్రాతను నమ్ముటవంటిది.

అయినచో కారును పట్టుకొనున దేది? మొదటిది చేతిబ్రేకు. సాధారణముగా చేతిబ్రేకు వెనుకచక్రములను పట్టును. ముందుభాగము నెత్తినపుడు వెనుకచక్రములు నేలమీదనే యుండును గనుక అది పనికివచ్చును. వెనుకభాగము నెత్తునపుడో, అది పనికిరాదు. రెండవది తాత యడిగిన రాళ్లు. చేతిబ్రేకు తీగ సాగియుండవచ్చును, దాని పట్టు సడలియుండవచ్చును. వెనుకచక్రములు రెంటికిని, ముందొకటి వెనుకొకటిగా, నాలుగు అడ్డుదిమ్మలను బిగువుగా త్రోయవలెను. గుండ్రని రాయి చక్రముతోపాటు దొర్లును; పిడికెడు రాయిని చక్రము ఎక్కి దాటును. ఒకప్రక్క ఏటవాలుగా చెక్కిన గట్టి కొయ్యదిమ్మ మేలు. ఖర్చు లేనిది, వడ్రంగి యొక గడియలో చేసి యియ్యగలది.

తరువాత నేల సంగతి. కృష్ణా డెల్టాలోని మన నేల పసుపునకును కందకును అరటికిని తల్లివంటిది. జాకీకి మాత్రము శత్రువు. ఒక్క వాన కురిసినచో నల్లమట్టి మెత్తబడి కాలు దిగబడును. కారు బరువు నాలుగు చక్రముల మీద పరచుకొనియున్నపుడు నేల మోయును. అదే బరువు అరచేతియంత ఇనుపముక్క మీదికి వచ్చినపుడు నేల గ్రుంగును. లెక్క చూతము. చిన్నకారు బరువు ఇంచుమించు 750 కిలోలనుకొందము. ఇంజను ముందుండు కారునందు బరువులో సగమునకు పైగా, ఇంచుమించు నూటికి 60 వంతులు, ముందరి చక్రములమీదనే యుండును. అనగా 450 కిలోలు. మన ధాన్యపు బస్తా 75 కిలోలు గదా. ఆఱు బస్తాల ధాన్య మన్నమాట. ఆఱు బస్తాలు ఒకమాఱుగా మనుష్యుని రొమ్ముమీద పడిన నేమగునో చెప్పనక్కఱలేదు. పెద్దకార్లకు ఈ లెక్క రెండింతలగును.

కావున గట్టిగా, చదునుగా నున్న సిమెంటు నేలమీదనే పని పెట్టుకొనవలెను. పెరడు, పొలముగట్టు, కాలువకట్ట, వాలుగా నున్న రోడ్డంచు పనికిరావు. తారురోడ్డు వేసవిలో మెత్తబడును. రోహిణీకార్తె యెండలో ఇనుపకాళ్లు దానిలోనికి దిగబడును. సిమెంటు నేల లేనిచోట పని మానుకొనుటయే ఉత్తమము. దారిలో చక్రము మార్చుట తప్పనిసరియైనచో, వెడల్పైన మందపుపలకను జాకీ క్రింద వేయవలెను. పలక వేసితిమి గదా యని క్రింద దూరరాదు. చక్రము మార్చుటకు కారు క్రింద దూరవలసిన పనియే లేదు.

ఇక జాకీ సంగతి. జాకీ లనేక విధములు. కారుతోపాటు ఇచ్చు చిన్న జాకీ మఱచుట్టుతో నడచునది. కత్తెరవలె తెఱచుకొని పైకి లేచును. అది పంక్చరైన చక్రమును తీసి స్టెప్నీ వేయుటకు మాత్రమే. దాని అడుగు ఇఱుకు. ప్రక్కనుండి త్రోపుడు తగిలినచో ఒఱగును. రెండవ విధము నూనె ఒత్తిడితో నడచునది. నిలువు సీసావలె నుండు బాటిల్ జాకీయు, చిన్నచక్రములపై దొర్లు ట్రాలీ జాకీయు ఈ జాతివే.

నూనె జాకీ ఆఱు బస్తాల బరువును ఒక్కచేతితో నెత్తు నద్భుత మెట్లు జరుగును? ద్రవమును మూసిన పాత్రలో నుంచి ఒకచోట నొక్కినచో, ఆ యొత్తిడి తగ్గక అన్ని దిక్కులకును ప్రాకునని ఫ్రాన్సు దేశపు పాస్కలు అను పండితుడు పదునేడవ శతాబ్దమున నిరూపించెను. ఈ సూత్రముతో ఇంగ్లండు దేశపు జోసెఫ్ బ్రామా 1795వ సంవత్సరమున నీటియొత్తిడి యంత్రమునకు పేటెంటు పొందెను. నేటి జాకీ దాని మనుమడు. చిన్నగొట్టపు వైశాల్యము ఒక చదరపు సెంటీమీటరు, పెద్దగొట్టపు వైశాల్యము 25 చదరపు సెంటీమీటర్లు అనుకొందము. చిన్నదానిమీద 20 కిలోల ఒత్తు పెట్టినచో పెద్దది 500 కిలోల నెత్తును. అయితే ప్రకృతి దేనినిగాని ఊరక యియ్యదు. పెద్దది ఒక సెంటీమీటరు లేచుటకు చిన్నది మొత్తము 25 సెంటీమీటర్లు నడువవలెను. అందుచేతనే జాకీపిడిని పలుమాఱులు పైకి క్రిందికి కొట్టవలసివచ్చును.

ఈ జాకీని నమ్మరాదను కారణము దుగ్గిరాలవారికి చెప్పుట సులభము. ఏలయన మీ యూర లాకులున్నవి. బెజవాడకడ కృష్ణకు 1855 నాటికి ఆనకట్ట ముగిసిన పిమ్మట పడమటి డెల్టాకు కాలువలు సాగినవి. ఆ యానకట్ట స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చెను. ఈ కాలువలలో పడవలు నడచిన దినములను మీలో పెద్దవారు చూచియుందురు, లేదా తండ్రులవలన వినియుందురు. లాకుగదిలోనికి పడవ వచ్చినంతనే తలుపులు మూసి నీరు విడిచినచో, సరకుతో నిండిన పడవ మెల్లగా పైకి లేచును. నీరు తలుపుల నడుమ నిలిచినంతవఱకే పడవ పైన నుండును. తలుపు సందున నీరు కారినచో పడవ దిగును. తలుపు ఊడినచో పడవ గతి చెప్పనక్కఱలేదు. జాకీలోని నూనె ఆ నీటివంటిది. దానిలోని చిన్న వాల్వు ఆ తలుపువంటిది. రబ్బరు వాషరు ఆ తలుపు సందువంటిది. వాషరు అరిగినను, వాల్వులో ఇసుకరేణువు చిక్కుకొనినను, బిడ్డ యెవడైన పిడిని త్రిప్పినను నూనె వెనుకకు పోవును, కారు దిగును. కావున జాకీ యెత్తుటకే గాని నిలుపుటకు కాదు.

నిలుపుటకు వేఱు సాధనములు కలవు. వానిని జాకీ స్టాండ్లందురు. మూడు నాలుగు కాళ్లు గల ఇనుప ముక్కాలిపీట వంటివి. నడిమి కంబమును కావలసిన యెత్తునకు లేపి, పంటిలోగాని మేకుతోగాని నిలుపుదురు. అందు నూనె లేదు, కారుట లేదు. ఇవి ఎల్లప్పుడును జతగా నుండవలెను. ఎంత బరువు మోయునో వానిమీద ముద్రించియుండును. కారు బరువునకు మించినవానినే కొనవలెను. కొన్న వస్తువును గూడ గ్రుడ్డిగా నమ్మరాదు. 2020వ సంవత్సరమున అమెరికాలో ఒక వ్యాపారసంస్థ తా నమ్మిన స్టాండ్ల పంటిపట్టు జాఱవచ్చునని తెలిసికొని వానిని వెనుకకు తీసికొనెను. వానికి బదులుగా నిచ్చిన కొన్నింటిలో అతుకుల దోషము బయటపడగా వానినిగూడ వెనుకకు తీసికొనవలసివచ్చెను. అంతటి దేశమున నట్లయినపుడు, పగులు, వంపు, త్రుప్పు, అతుకుల గీటు ఉన్నవా యని చేతికి వచ్చిన స్టాండును మనము ప్రతిమాఱు చూచుకొనుట న్యాయమే.

స్టాండ్లకు బదులు ఇటుకలు పేర్చుట మన పల్లెలలో కలదు. ఇది మహాపాయము. ఇటుక, సిమెంటు దిమ్మ, నాపరాయి ఇవి గోడలో సమముగా బరువు పడినపుడు మోయును. ఒక మూలను ఇనుపయంచు నొక్కినచో హెచ్చరిక లేకయే పగిలిపోవును. కొయ్య అట్లు కాదు. అది నలుగును, చప్పుడు చేయును, చీలుటకు వ్యవధి యిచ్చును. గట్టికఱ్ఱతో చేసిన వెడల్పైన దిమ్మలను అడ్డముగ నిలువుగ జతలుగా పేర్చి, పేర్పు ఎత్తు దాని వెడల్పును మించకుండ నిలుపుకొనుట, స్టాండ్లకు తోడుగా నుంచుకొనదగినది.

ఇప్పుడు పని క్రమమును వరుసగా చెప్పెదను.

మొదట కారులోని మనుష్యులను, సరకును దింపవలెను. చిన్నపిల్లలను, పశువులను దూరముగా నుంచవలెను. చేతిబ్రేకు వేసి, గేరులో నుంచి, తాళపుచెవి తీసి జేబులో వేసికొనవలెను. వెనుకచక్రములకు అడ్డుదిమ్మలు పెట్టవలెను. చక్రము తీయవలసిన పనియైనచో, చక్రము నేలమీద నుండగానే నట్లను అరచుట్టు మాత్రము వదులుచేయవలెను. బిగిసిన నట్టునకు బలము పెట్టి లాగుట కారు గాలిలో నున్నపుడు చేసినచో, ఆ లాగుడే కారును జాకీమీదినుండి త్రోసివేయును.

పిమ్మట జాకీ పెట్టు తావు. కారు అడుగంతయు బలమైనది కాదు. చాలభాగము పలుచని రేకు. ముందుచక్రమునకు వెనుకగా, తలుపుల క్రింది యంచున, తయారుచేసినవారు మందముగా నమర్చిన తావులు కలవు; చిన్న గాట్లతోగాని గుర్తులతోగాని తెలియును. కారుతో నిచ్చిన పుస్తకమున వాని బొమ్మ యుండును. ట్రాలీ జాకీతో ముందునడుమ నెత్తదలచినచో, చక్రములను మోయు అడ్డుదూలమునకు, పుస్తకము చూపిన చోటనే పెట్టవలెను. ఇంజను నూనె చాంబరు, గేరుపెట్టె, రేడియేటరు క్రింది రేకు, నడుమ నేలరేకు, వీని క్రింద జాకీ పెట్టరాదు. అవి అణగును, పగులును, కారు జాఱును.

జాకీ కొంచెము బిగిసినంతనే ఆగి చూడవలెను. నిలువుగా నున్నదా? అడుగు సమముగా ఆనినదా? చక్రము నేలను విడుచునంతనే మఱల ఆగి చూడవలెను. ట్రాలీ జాకీచేయి పైకి లేచునపుడు తిన్నగా లేవదు; వృత్తములో తిరుగును. కావున జాకీ తన చిన్నచక్రములపై కొంచెము ముందునకు దొర్లవలెను. నేలమీద కంకరయో గుంటయో దానిని అడ్డినచో, జాకీకి బదులు కారు జరుగును. లేదా జాకీతల జాఱును. అందుచేతనే నేలను ముందుగా ఊడ్చుకొనవలెను. ట్రాలీ జాకీ చక్రములకు రాళ్లడ్డు పెట్టరాదు. కారు చక్రములకు అడ్డు, జాకీ చక్రములకు దారి. ఈ రెంటిని తాఱుమాఱు చేయరాదు.

పనికి ఎంత యెత్తు కావలెనో అంతయే ఎత్తవలెను. పిమ్మట రెండుప్రక్కల, బలమైన తావుల క్రింద, స్టాండ్లను సమానమైన యెత్తున పెట్టి, పన్ను పట్టినదా, మేకు పూర్తిగా దూరినదా యని వ్రేలితో తడవి చూచి, జాకీని మెల్లగా దింపి బరువును స్టాండ్లమీద నిలుపవలెను. జాకీని తీసివేయక, అడుగును తాకునట్లు మాత్రము లేపి యుంచినచో అది రెండవ కాపు. ఊడదీసిన చక్రమును తలుపుల యంచు క్రిందికి పడుకోబెట్టి త్రోసినచో అది మూడవ కాపు. అన్నియు తప్పినను ఆ చక్రము మందము మేరకు మనుష్యునికి చోటు మిగులును.

ఇప్పుడు బండిని కదపిచూచు మన పాత యాచారము. కారు ప్రక్కన నిలిచి, రెండుచేతులతో ముందుభాగమును గట్టిగా త్రోసి చూడవలెను. కదలినను, కిఱ్ఱుమన్నను దింపి మొదటినుండి చేయవలెను. పడవలసినదైనచో ఎవరును క్రింద లేనపుడే పడుట మేలు గదా!

పని జరుగునపుడు మఱియొకరు దగ్గఱ నుండవలెను. క్రిందివాడు తలను, రొమ్మును అవసరమునకు మించి కారు క్రిందికి చేర్పరాదు. క్రింద మనిషి యుండగా ఎవరును తలుపు తీయరాదు, లోపల కూర్చుండరాదు, ఇంజను నడుపరాదు. ఇంజను అప్పుడే ఆగినదైనచో లోని నూనె కాలును. కొంతసేపు చల్లారనిచ్చి మఱను విప్పవలెను.

దించునపుడును తొందర కూడదు. ముందుగా క్రింద మనిషి గాని, పనిముట్టు గాని, పిల్లి గాని లేదని వంగి చూడవలెను. జాకీతో కొంచె మెత్తి, స్టాండ్లను తీసి, వాల్వును కొంచెము కొంచెముగా త్రిప్పి మెల్లగా దింపవలెను. చక్రము నేలను తాకిన పిమ్మట నట్లను వరుసగా గాక, ఎదురెదురుగా మార్చి మార్చి బిగింపవలెను; అప్పుడే చక్రము సమముగా కూర్చుండును. చక్రము తీసి వేసిన పిమ్మట కొంతదూరము నడపి, నట్ల బిగువును మఱల చూచుకొనవలెను. అడ్డుదిమ్మలను తీయుట అన్నిటికంటె కడపటి పని.

ఇన్ని జాగ్రత్తలకు వీలు లేనిచో సిగ్గుపడనక్కఱలేదు. షెడ్డులలో కారును నిలువునా నెత్తు యంత్రములును, క్రింద నిలిచి పనిచేయు గుంటలును కలవు. నూనె మార్చుటకు అచ్చటి కూలి కొద్దిపాటిది. ప్రాణమునకు వెల కట్టు షెడ్డు లేదు.

ఇంత చెప్పినను, ఎక్కడనైన ఎవ్వడైన కారు క్రింద చిక్కుకొనినచో నేమి చేయవలెను? కేక వేసి మనుష్యులను పిలువవలెను. కాళ్లు పట్టి లాగరాదు. ఒకరు 108కి ఫోను చేయవలెను. తక్కినవారు వెనుకచక్రములకు రాళ్లు పెట్టి, దొరకిన జాకీతోనో, పదిమంది చేతులతోనో కారు నెత్తి, లేచినంతమేరకు దిమ్మలు త్రోయుచు రావలెను. ఎత్తినవారి చేయి జాఱినచో కారు రెండవమాఱు పడకుండుటకే ఆ దిమ్మలు. బరువు తొలగిన పిమ్మట మెడను, వెన్నును వంచక జరిపి, నెత్తురు కారుచోట శుభ్రమైన గుడ్డతో నొక్కిపట్టవలెను. పైకి గాయము కనబడకున్నను, లోపల దెబ్బ తగిలియుండవచ్చును గనుక వైద్యునికి చూపక మానరాదు.

పెద్దలారా, ఈ ప్రసంగము మీకేల యని మొదట తలచినవారికి ఇప్పుడు సమాధానము చెప్పెదను. స్పానరు పట్టువాడు చదువుకొన్నవాడు. పుస్తకము చూడగలడు, యంత్రములు తెలిసినవాడు. కాని పని తొందరలో నున్నవాడు తన యపాయమును తాను చూడలేడు. అరుగుమీద తీరికగా కూర్చుండి చూచువానికే అది కనబడును. మనుమడు జాకీ పట్టినపుడు మీరు మూడు ప్రశ్న లడుగుడు: "నేల గట్టిదేనా? చక్రాలకు రాళ్లు పెట్టితివా? ఊత నిలిపి కదపి చూచితివా?" మూడింటికిని ఔనను మాట వచ్చువఱకు క్రిందికి దూరనీయకుడు. నవ్విన నవ్వనిండు. "ఇది ఎద్దుబండి కాదు, తాతయ్యా" అనిన అననిండు. బరువు కొన్ని విషయములలో ఎద్దుబండికిని కారునకును భేదము చూపదు.

ఆ శ్రావణమాసపు ఉదయమున పడిపోయిన కారును మఱల ఎత్తుటకు ముందు, ఆ కుఱ్ఱవాడు తానే వెళ్లి గోడప్రక్కనున్న రాళ్లను రెండుచేతులతో మోసికొని వచ్చెను. తాత ఏమియు అనలేదు. అరుగు దిగి వచ్చి, ఒక్కొక్క రాయిని కాలితో నెట్టి, బిగువుగా నున్నదని చూచి, మఱల పోయి కూర్చుండెను. ఆ దినమున నూనె మార్చుపని షెడ్డులోనే జరిగినది.